మామగారి చెయ్యి

దయ్యాన్ని తయారు చెయ్యడం పెద్ద కష్టమేం కాదు. పాత గోడ గడియారంలోంచి ఒక పళ్ళచక్రం, ఒక ఆకురాయి, ఒక బ్యాటరీ, కాస్త బుద్ధిలేనితనం ఉంటే చాలు. మొదటి మూడూ టకటకయ్య షాపులోనే ఉన్నాయి. నాలుగోది ఎప్పుడూ ఆయన వెంటే ఉంటుందని వాళ్ళావిడ అభిప్రాయం.

టకటకయ్య అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. పగలంతా షాపులో గడియారాలు బాగుచేస్తాడు, అక్కడ టకటక. సాయంత్రం ఇంటికొచ్చి వెనక గదిలో రేడియో ముందు కూచుని మోర్స్ కొడతాడు, అక్కడా టకటక. చుక్కలూ గీతలూ కలిస్తే అక్షరాలు, అక్షరాలు కలిస్తే మాటలు. ఆ మాటలతో ముక్కూమొహం తెలియని దేశాల వాళ్ళతో కబుర్లు. "మీకు వానా? మాకూ వానే." ఈ రెండు ముక్కలు చెప్పుకోడానికి వాన వెలిసిపోయేంత సేపు పడుతుంది. జోకు పేలితే నాలుగు చుక్కలు, రెండు చుక్కలు కొడతారు. "హి" అన్నమాట. మోర్స్‌ వాళ్ళు నవ్వేది అలాగే. మొహంలో కండరం కదలదు.

ముందు గది వాళ్ళావిడది. ఆవిడ పళ్ళ డాక్టరు. వీధి మొత్తం ఆవిడ ముందు నోరు తెరిచినవాళ్ళే, ఒక్క మొగుడు తప్ప. ఆయన తెరవడానికి ఆవిడ సందు ఇవ్వదు.

ఒకరోజు పొద్దున్న బల్ల దగ్గర టీ తాగుతుండగా డాక్టరమ్మ మామూలుగా అంది.

"ఏమండీ, వెనక గది కావాలి."

"ఎవరికి?"

"ఎక్స్‌రే మెషీనుకి."

టకటకయ్యకి టీ పొలమారింది. "అది మామగారి గది!"

"మా నాన్న గదని నాకు మీరు చెప్తున్నారా?"

నిజమే. డాక్టరమ్మ నాన్నగారు ఒకప్పుడు టెలిగ్రాఫ్ మాస్టారు. ఉద్యోగం విరమించాక ఆ గదిలోనే ఉన్నారు. అల్లుడికి మోర్స్ నేర్పింది ఆయనే, ఆ గదిలోనే. పోయి చాలాకాలమైనా ఆయన కుర్చీ అక్కడే ఉంది, ఆయన ఇత్తడి కీ బల్ల మీదే ఉంది. వేలితో నొక్కి చుక్కలూ గీతలూ పంపే ఆ కీని టకటకయ్య తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. ఒకసారి వాళ్ళావిడ దుమ్ము తుడవబోతే, "చెయ్యి పెట్టకు, బిగింపు చెడుతుంది" అని కసిరాడు. ఆవిడ గుడ్డ అక్కడే పడేసి వెళ్ళిపోయింది.

"మీరొక్కరే కూచుని ఎవరికో వాన సంగతులు చెప్పుకోడానికి అంత గదెందుకండీ?"

"ఇది విద్య! నాతో అంతమైపోకూడదు. పదిమందికీ నేర్పుతాను."

"పదిమంది వద్దు. నలుగురికి నేర్పండి. ఈ వానలు తగ్గేలోపు నలుగురు, మీరు కొట్టింది తప్పుల్లేకుండా నా ముందు రాసి చూపిస్తే గది మీది. లేదంటే మెషీనుది."

"నలుగురేం ఖర్మ, చూస్తూ ఉండు. నీకు రాదు గానీ, లేకపోతే నీతోనే మొదలుపెట్టేవాణ్ణి. దీనికి చెవి ఉండాలి."

"అవును లెండి," అంది డాక్టరమ్మ. బల్ల కింద ఆవిడ కాలు ఆడుతోంది.

"కాలు ఊపకు. ఎన్నిసార్లు చెప్పాలి?"

ఆవిడ కాలు ఆపేసింది.

నేర్చుకునేవాళ్ళ కోసం టకటకయ్య ఎక్కువ దూరం వెళ్ళలేదు. క్లినిక్ ముందు బెంచీ మీద రోజూ జనం ఉంటారు. బుగ్గ వాచినవాళ్ళు, నోట్లో దూది కుక్కుకున్నవాళ్ళు. ఎంత చెప్పినా వింటారు, ఎదురు మాట్లాడలేరు. అలాంటి శిష్యులు ఏ గురువుకి దొరుకుతారు?

దొరికినవాళ్ళు నలుగురు. బేకరీ అక్క, డ్రైవింగ్ మాస్టారు, టైలర్ బాబాయ్, తాళాలు బాగుచేసే తమ్ముడు. తమ్ముడంటే వయసుకి కాదు, అందరికన్నా ముందు భయపడతాడు కాబట్టి.

"పుస్తకం చేతికిస్తే మనిషి పారిపోతాడు, తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్ చేతికిస్తే కూచుంటాడు," అన్నది టకటకయ్య సిద్ధాంతం. అందుకని ముందు ఎవరి యంత్రం వాళ్ళే చేసుకోవాలన్నాడు. క్లినిక్‌లోంచి ఖాళీ దూది డబ్బాలు తెచ్చాడు. (ఖాళీ కానివి ఆయనే ఖాళీ చేశాడు.) ఒక్కో డబ్బాలో ఒక చిన్న సర్క్యూటు, అన్నీ ఒకే తరంగం మీద పలికేలా ఒకే రకం క్రిస్టల్, పైన ఒక కీ, పక్కన ఇయర్‌ఫోన్. ఒక డబ్బా మీద నొక్కితే మిగతా డబ్బాలన్నిటిలో కుయ్ మంటుంది. ఆ కుయ్ ఇల్లు దాటి వీధి మలుపు దాకా కూడా పోదు.

బేకరీ అక్కకి ఓవెన్ అలవాటే కాబట్టి, ఐరన్ వేలికి తగిలినా "ఊ" అని తన పని తాను చేసుకుపోయింది. టైలర్ బాబాయ్ రాగి తీగని రీలుకి దారం చుట్టినట్టు చుట్టాడు, ఒక్క చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కలేదు. తాళాల తమ్ముడు అరగదీసిన తాళంచెవితో కీ చేసుకున్నాడు. డ్రైవింగ్ మాస్టారి డబ్బా మొదట పలకలేదు. ఆయన అలవాటు కొద్దీ గట్టిగా ఒక్కటిచ్చాడు, పలికింది.

తాము చేసిన వస్తువు కుయ్ మన్నప్పుడు నలుగురి మొహాలూ చూడాలి! పెద్దవాళ్ళమన్న సంగతే మర్చిపోయారు. టకటకయ్యకి కళ్ళు చెమర్చాయి. ఇంక గది తనదే అనుకున్నాడు.

కానీ వాళ్ళు కుయ్ దగ్గరే ఆగిపోయారు. అక్షరాలు నేర్చుకోమంటే ఆవలింతలు. బేకరీ అక్క సగం అక్షరాలు నేర్చి, మిగతా సగం నేర్చేలోపు మొదటి సగం మర్చిపోయేది. డ్రైవింగ్ మాస్టారు ఏ అక్షరం అడిగినా హారన్ కొట్టినట్టు ఒకటే పెద్ద గీత.

"ఏమండీ, ఎక్స్‌రే మెషీను వాళ్ళు గది కొలతలు అడుగుతున్నారు," అంది డాక్టరమ్మ.

అప్పుడే టకటకయ్యకి దయ్యం ఆలోచన వచ్చింది. పరీక్ష కోసం చదవని మనిషి, పక్కింటి ఉత్తరం దొరికితే కళ్ళజోడు తుడిచి మరీ చదువుతాడు కదా! చెవిలో ఏదో తెలియని సందేశం పడుతూ ఉంటే, అదేమిటో తెలుసుకోకుండా ఉండగలరా?

షాపులో ఒక పాత చక్రం తీసుకుని, పళ్ళు కొన్ని అరగదీశాడు, కొన్ని ఉంచాడు. చక్రం తిరుగుతుంటే సన్నటి రేకు ఆ పళ్ళకి తగిలి చుక్కలూ గీతలూ పంపుతుంది. మోర్స్‌లో ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలే కాబట్టి వాటితోనే తెలుగు మాట పేర్చాడు. ఒక్కటే మాట: ఎవరు. ఒక తిరుగుడుకి ఒకసారి ఎవరు, మళ్ళీ తిరిగితే మళ్ళీ ఎవరు.

క్లినిక్‌కీ వెనక గదికీ మధ్య నడవాలో ఒక అల్మరా ఉంది. అందులో పేషెంట్ల ప్లాస్టర్ దవడలు వరసగా ఉంటాయి. పైనా కిందా పళ్ళు, మధ్యలో ఖాళీ, మొహాలు మాత్రం లేవు. మసక వెలుతురులో అటు వెళ్ళాలంటే ఇంట్లోవాళ్ళకే కాళ్ళు త్వరపడతాయి. ఆ దవడల వెనక పెట్టాడు చక్రాన్ని.

ఆ సాయంత్రం ముసురు. నలుగురూ వెనక గదిలో డబ్బాలు ముందేసుకుని కూచున్నారు. అడక్కుండానే నలుగురి చెవుల్లోనూ సన్నగా కుయ్ మొదలైంది.

"ఎవరు కొడుతున్నారు?" అంది బేకరీ అక్క.

టకటకయ్య రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. గొంతు తగ్గించి, "చెప్పకూడదనుకున్నాను. పూర్వం ఒక టెలిగ్రాఫ్ మాస్టారు మాట పంపుతూ పంపుతూ మధ్యలో పోయారట. ఆ మాట ఇంకా గాలిలోనే తిరుగుతోందట," అన్నాడు.

"ఇంకెవరు, మీ మామగారే!" అంది అక్క.

కాదని చెప్పడానికి టకటకయ్య నోరు తెరిచాడు. నలుగురి కళ్ళలో ఆ ఆత్రం చూసి మూసేశాడు. కొరివితో తల గోక్కోవడం అంటే అదేనని అప్పుడాయనకి తెలీదు.

ఆ రోజు నుంచీ చదువు ఊపందుకుంది. బేకరీ అక్క పిండి మీద వేలితో చుక్కలూ గీతలూ గీసుకునేది. డ్రైవింగ్ మాస్టారు హారన్‌తో సాధన చేస్తుంటే ముందు బండివాళ్ళు దిగొచ్చి తిట్టారు. అందరికన్నా ముందు మాట కూడబలుక్కున్నది తాళాల తమ్ముడు. కూడబలుక్కుని తెల్లబోయాడు.

"ఎవరు అని అడుగుతోందండీ! నేను పేరు చెప్పాలా? రేపు వాకిట్లో నిలబడి తలుపు తియ్యమంటే? తాళాలు తీసేవాణ్ణి, తియ్యనని ఎలా అంటాను!"

డబ్బా క్లినిక్ కౌంటరు మీద పడేసి, వానలోనే వెళ్ళిపోయాడు. నలుగురు ముగ్గురయ్యారు.

సరే, ఇంకో పన్ను నొప్పి దొరక్కపోదని టకటకయ్య ధైర్యంగానే ఉన్నాడు. కానీ మర్నాడు మధ్యాహ్నం, షాపు మూసి భోజనానికొచ్చి, డబ్బా ఎలా పలుకుతోందో చూద్దామని ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాడు. వాన కుండపోతగా కురుస్తోంది. గదిలో ఎవరూ లేరు. చెవిలో చక్రం తన మానాన తాను అడుగుతోంది. ఎవరు. ఎవరు. ఎవరు.

"నేనే."

టకటకయ్య చెయ్యి గాలిలో ఆగిపోయింది.

చక్రం పంపింది కాదది. చక్రానికి ఆ మాట రాదు. అది మనిషి కొట్టింది. అదీ మామూలు మనిషి కాదు. మోర్స్‌ వాళ్ళల్లో ప్రతి ఒక్కరికీ ఒక తీరుంటుంది, దాన్ని "చెయ్యి" అంటారు. గొంతు వినగానే మనిషిని పోల్చుకున్నట్టు, చెయ్యి వినగానే పోల్చేస్తారు. ఈ చెయ్యి ప్రతి మాటలోనూ చివరి అక్షరం ముందు ఒక్క క్షణం ఆగుతుంది. ఊపిరి తీసుకున్నట్టు ఆగి, అప్పుడు పూర్తి చేస్తుంది. అలా ఆగే చెయ్యి లోకంలో ఒక్కటే ఉండేది. ఆ చేతిని పాడె మీద మడిచి పెట్టింది టకటకయ్యే.

డబ్బా చేత్తో పట్టుకునే నడవాలోకి పరిగెత్తాడు. దవడలు జరిపి, చక్రం బ్యాటరీ పీకేశాడు. ఎవరు అన్న మాట సగంలో తెగిపోయింది. ఇంక వాన చప్పుడొక్కటే. మొహాల్లేని దవడలన్నీ ఆయన్నే చూస్తున్నాయి.

అప్పుడు చెవిలో మెల్లిగా, తీరిగ్గా వచ్చింది.

"అల్లుడూ."

చివర్లో ఆ విరామం కూడా ఉంది.

ఎవరో ఆటాడుతున్నారు అనుకుని, లెక్కేసుకున్నాడు. అక్క బేకరీలో ఉంది, మాస్టారు రోడ్డు మీద, బాబాయ్ కుట్టుమిషను దగ్గర. ఉన్నా వాళ్ళ వల్ల కాదు, వాళ్ళ చేతులింకా తప్పటడుగులు వేస్తున్నాయి. ఇంట్లో మిగిలింది వాళ్ళావిడ. వెళ్ళి క్లినిక్ తలుపు తోశాడు.

డాక్టరమ్మ ఒక పేషెంటు నోట్లో రెండు చేతులూ పెట్టి ఉంది. ఒక చేతిలో అద్దం, ఇంకో చేతిలో పనిముట్టు. "ఏమండీ, అలా శవంలా నిలబడకండి, పేషెంటు బెదిరిపోతున్నారు," అంది తలెత్తకుండా.

సరిగ్గా అప్పుడే ఆయన చెవిలో వచ్చింది. "తలుపు వెయ్యి."

తలుపు వేసి, గోడ పట్టుకుని వచ్చి, మంచం మీద పడ్డాడు. దయ్యాన్ని చేసినవాడే దయ్యానికి భయపడితే ఎవరితో చెప్పుకుంటాడు?

చెప్పుకున్నాడు. పెళ్ళాంతోనే. ఆ సాయంత్రం భోజనాల దగ్గర.

"ఏమోయ్... మీ నాన్నగారు... అంటే... ఎవరైనా పోయినవాళ్ళు..."

"మా నాన్న మీతో మాట్లాడుతున్నారని వీధంతా అనుకుంటోంది. బేకరీ అక్క కుర్చీలో నోరు తెరిచి మరీ చెప్పింది." ఆవిడ కూర వడ్డించింది. "నాకా టకటకలేం తెలుస్తాయండీ. చెవి లేనిదాన్ని."

"నిజంగానే మాట్లాడుతున్నారే!"

"అయితే ఊరికే రారు. ఏం కావాలో అడగండి."

బల్ల కింద కాలు ఆడుతోంది.

"కాలు ఊపకే బాబూ! నాకసలే గుండె దడగా ఉంది."

మర్నాడు అడిగాడు. కంగారులో ఒక్కో చుక్క రెండు పడింది. ఏం కావాలి మామగారూ? జవాబుగా ఒకటే మాట వచ్చింది.

"కుళాయి."

క్లినిక్‌లో కుళాయి ఏడాదిగా కారుతోంది. డాక్టరమ్మ చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి మానేసింది. టకటకయ్య ఆ పూటే బాగుచేశాడు. మర్నాడు "కిటికీ" అని వచ్చింది. బిగుసుకుపోయిన కిటికీ తెరుచుకుంది. ఆ మర్నాడు "బూజు". నిచ్చెనెక్కి దవడల అల్మరా వెనక దాకా దులిపాడు. పోయినవాళ్ళకి ఇంటి మరమ్మతుల మీద ఇంత ధ్యాస ఎందుకో ఆయనకి తట్టలేదు. భయం బుర్రని తాళం వేసేస్తుంది.

శిష్యులు ముగ్గురికీ మాత్రం పండగే. రోజూ ఏదో ఒక కొత్త మాట! బేకరీ అక్క చెవికి ఇయర్‌ఫోన్ నొక్కుకుని, పెదాలు కదుపుతూ అక్షరాలు పేర్చి, "అల్లుడూ... బూజు... అబ్బ, మీ మామగారు భలే మనిషండీ! చివరక్షరం దగ్గర ఆగి మనకి టైమిస్తారు," అనేది. వానాకాలం సగం కాకుండానే ముగ్గురూ తప్పుల్లేకుండా రాస్తున్నారు. గురువుగారొక్కడే చిక్కి సగమయ్యాడు.

అయితే ఇంకో సంగతి జరిగింది. అది టకటకయ్య ఎవరికీ చెప్పలేదు. భయపడుతూనే ఆ మాట కోసం ఎదురుచూడ్డం మొదలుపెట్టాడు. షాపులో కూచున్నా మనసు డబ్బా మీదే. మామగారు ఎదురుగా కూచుని, అర్థమయ్యే దాకా విసుక్కోకుండా నేర్పిన రోజులు గుర్తొచ్చేవి. ఆయన పోయాక ఆ గదిలో ఎంత ఒంటరిగా ఉన్నాడో ఇప్పుడు తెలిసింది. ఒక సాయంత్రం ఆగలేక అడిగేశాడు. మామగారూ, నేను బాగా కొడుతున్నానా?

జవాబు వచ్చింది.

"కొడతావు. వినవు."

ఆయనకి ఏడుపొచ్చింది. కొంచెం కోపం కూడా వచ్చింది.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక సాయంత్రం, మబ్బు కమ్మి వేళకి ముందే చీకటి పడింది. కరెంటు పోయింది. గదిలో టకటకయ్య, మాస్టారు, బాబాయ్ ఉన్నారు. బేకరీ అక్క ముందు గదిలో పన్ను పని మీద కుర్చీలో ఉంది. డబ్బాలకి బ్యాటరీలే కాబట్టి అవి పలుకుతూనే ఉన్నాయి.

"నా కుర్చీలో ఎవరు?"

టకటకయ్య మామగారి కుర్చీలోంచి ఎగిరి పడ్డాడు. చీకట్లో వెనకాల కుర్చీ కిర్రుమంది. మాస్టారు కిటికీ వైపు, బాబాయ్ తలుపు వైపు జరిగారు.

"కీ ఎవరిది?"

"మీదే మామగారూ, మీదే!" అన్నాడు నోటితోనే.

"నా కూతురికివ్వు."

ఇత్తడి కీని బల్ల మీంచి ఊడదీశాడు. చల్లగా, బరువుగా ఉంది. రెండు చేతుల్తో పట్టుకుని నడవాలోకి వచ్చాడు, చెవిలో ఇయర్‌ఫోన్, జేబులో డబ్బా. పక్కన చీకట్లో దవడలు తెల్లగా కనిపిస్తున్నాయి. మిగతా ఇద్దరూ ఆయన చొక్కా పట్టుకుని వెనక నడిచారు.

క్లినిక్‌లో డాక్టరమ్మ నుదుటి మీద కట్టుకున్న చిన్న లైటు ఒక్కటే వెలుగు. ఆ వెలుగులో బేకరీ అక్క తెరిచిన నోరు, ఆ నోట్లో డాక్టరమ్మ రెండు చేతులు. చుట్టూ అంతా చీకటి.

"ఇది... మీ నాన్నగారు నీకిమ్మన్నారు."

ఆవిడ చేతులు కదల్లేదు. "అక్కడ పెట్టండి," అంది. గొంతు ఎప్పటిలా లేదు.

"ఇచ్చేశాను మామగారూ," అన్నాడు టకటకయ్య చీకటి వైపు చూస్తూ.

"విన్నాను," అని వచ్చింది చెవిలో.

ఆ మాట టకటకయ్య కీతో కొట్టలేదు, నోటితో అన్నాడు. అంటే ఆ చెయ్యి ఈ గదిలోనే ఉంది. ఇప్పుడే, పక్కనే.

అప్పుడు ఇంకో చప్పుడు వినిపించింది. ఇది చెవిలో కాదు, బయట. కుర్చీ చేతి మీద గోరు. కొడితే చుక్క, గీరితే గీత. నోట్లో దూదీ, రెండు చేతులూ ఉండి మాట్లాడలేక బేకరీ అక్క కష్టపడి ఒక్కో అక్షరం పంపుతోంది. తప్పటడుగుల చెయ్యే గానీ, తప్పులేదు.

"కాలు."

టకటకయ్య కిందికి చూశాడు. డాక్టరమ్మ తల కూడా కిందికి వంగింది. దాంతోపాటు నుదుటి లైటూ వంగి, చెప్పు విడిచిన పాదం మీద పడింది. కుర్చీ కింద ఒక దూది డబ్బా ఉంది. దాని మీద అరగదీసిన తాళంచెవి, తాళంచెవి మీద వాళ్ళావిడ బొటనవేలు.

వెనక ఇద్దరూ చొక్కా వదిలేశారు.

"నువ్వా!" అన్నాడు టకటకయ్య.

"మరి మా నాన్న అనుకున్నారా? ఆయన చచ్చిపోయి బూజు గురించి ఆలోచిస్తారా?"

"నీకు... నీకు మోర్స్ ఎలా వచ్చు?"

"టెలిగ్రాఫ్ మాస్టారి కూతురికి మోర్స్ ఎలా వచ్చని అడుగుతున్నారు, విన్నారా?" అంది అక్కతో. అక్క "ఆఁ" అంది. అంతకుమించి అనే స్థితిలో లేదు.

"కానీ చెయ్యి... ఆ చెయ్యి ఆయనది! చివరక్షరం ముందు ఆగడం..."

డాక్టరమ్మ చేతులు బయటికి తీసి, గ్లవుజులు విప్పింది. ఇత్తడి కీని అరచేతిలోకి తీసుకుంది.

"భోంచేసేటప్పుడు మాట్లాడితే అమ్మ ఊరుకునేది కాదు. నాన్న బల్ల కింద కాలితో నాతో మాట్లాడేవారు. వేలు తాకిస్తే చుక్క, మడమ ఆనిస్తే గీత. నేను చిన్నదాన్ని, అందుకోలేకపోయేదాన్ని. అందుకని చివరక్షరం ముందు ఆగి, నేను పట్టుకున్నానో లేదో నా మొహం చూసేవారు. పట్టుకున్నానని తెలిశాకే పూర్తి చేసేవారు. తర్వాత ఆఫీసులోనూ అదే అలవాటైపోయింది. మీరంతా దాన్ని మాస్టారి గొప్ప చెయ్యి అన్నారు. అది నా కోసం ఆగిన కాలు."

డ్రైవింగ్ మాస్టారు చీకట్లో ముక్కు చీదుకున్నాడు.

"అలాంటి మనిషిని పట్టుకుని దయ్యాన్ని చేశారు. తిన్నగా అడిగితే నేనే నేర్పేదాన్ని కదండీ వీళ్ళకి?"

"తప్పయిపోయింది," అన్నాడు టకటకయ్య. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఇంతలో కరెంటొచ్చింది. వెలుగులో పెళ్ళాం కళ్ళు తడిగా ఉండటం చూసి ఇంకా కుంచించుకుపోయాడు.

అయినా పందెం పందెమే. ఆదివారం వెనక గదిలో పరీక్ష పెట్టారు. టకటకయ్య కొట్టాడు, అక్కా మాస్టారూ బాబాయ్ రాశారు. తప్పుల్లేవు. నాలుగో కుర్చీ ఖాళీగా ఉంది. అది మామగారి కుర్చీ. టకటకయ్య తల వంచుకుని, "మెషీను వాళ్ళని రమ్మను," అన్నాడు.

డాక్టరమ్మ వెళ్ళి ఆ కుర్చీలో కూచుంది. పెన్సిలు తీసుకుంది. "ఊ, కొట్టండి."

ఆయన కొట్టింది కొట్టినట్టు రాసి, ఆయన కొట్టడంలో చేసిన రెండు తప్పులు కూడా దిద్ది ఇచ్చింది. గది మిగిలింది. ఎక్స్‌రే మెషీను మాత్రం హాల్లో టకటకయ్య ఇంటిదగ్గర పని చేసుకునే బల్ల ఉన్న చోటికి వచ్చింది. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళకి డాక్టరమ్మ పాఠం చెప్తుంది, టకటకయ్య డబ్బాలు చేసి ఇస్తాడు, మధ్యలో టీ పెడతాడు. తాళాల తమ్ముడు కూడా తిరిగొచ్చాడు, దయ్యం ఆడమనిషని తెలిశాక భయం ఇంకొంచెం పెరిగినా సరే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆయన ఇంట ఓడాకే రచ్చ నిండింది.

ఆ ఆదివారం సాయంత్రం భోజనాల దగ్గర టకటకయ్య ముద్ద నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు. బల్ల కింద కాలు ఆడుతోంది.

అప్పుడు వెలిగింది ఆయనకి.

"ఏమోయ్... ఇన్నేళ్ళుగా... నువ్వు కాలు ఊపుతుంటే నేను..."

"మాట్లాడేదాన్ని. మీరు ఊపకన్నారు."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అన్నమాట, అదీ ఇన్నేళ్ళపాటు. దేశదేశాల వానలు విన్న చెవికి, బల్లకి అటుపక్క ఉన్న మనిషి వినపడలేదు.

"ఏం చెప్పేదానివి?"

"ఏముంది, మామూలువే. ఉప్పు సరిపోయిందా, కుళాయి కారుతోంది, అవీ ఇవీ." కంచం వైపు చూస్తూ అంది. "పెళ్ళయిన కొత్తలో మాత్రం వేరేవి చెప్పేదాన్ని."

"ఏమిటవి?"

"అప్పుడు వినాల్సింది."

ఆయన కంచం పక్కకి జరిపి, కళ్ళు మూసుకుని, "ఇప్పుడు చెప్పు. వింటాను," అన్నాడు.

బల్ల కింద మొదలైంది. వేలు, మడమ, వేలు. ఆయన ఒక్కో అక్షరం ఏరుకున్నాడు. చివరక్షరం ముందు ఆ కాలు ఆగింది. ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. పట్టుకున్నాడని చూసి, పూర్తి చేసింది.

"గిన్నెలు."

టకటకయ్య లేచి గిన్నెలు కడగడానికి వెళ్ళాడు. కడుగుతూ కడుగుతూ, "అన్నీ సరే గానీ, ఆ చీకట్లో 'నా కుర్చీలో ఎవరు' అన్నావే, నా పై ప్రాణాలు పైనే పోయాయి," అన్నాడు.

వెనక గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"ఏ కుర్చీ అండీ?" అంది డాక్టరమ్మ, మెల్లిగా. "నేను కీ గురించే పంపాను. కుర్చీ సంగతి నేను పంపలేదే."

ఆయన చేతిలో గిన్నె ఆగిపోయింది. వెనక గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల చీకటి. ఆ కుర్చీ కరెంటు పోయిన రోజు కిర్రుమన్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. క్లినిక్‌లో కుళాయి కూడా చప్పుడు చెయ్యడం లేదు, దాన్ని తనే బాగుచేశాడు. వెనక్కి తిరిగే ధైర్యం లేక, ఊపిరి బిగబట్టి విన్నాడు.

బల్ల కింద నేల మీద వేలు తాకింది. నాలుగు చుక్కలు. ఒక్క క్షణం ఆగి, ఇంకో రెండు. హి.

టకటకయ్య గిన్నె తోమడం మళ్ళీ మొదలుపెట్టాడు.